గోడ మీద పన్నెండు గీతలు

ధర్మపురిలో కాలుష్యం గురించి తెలుసుకోవాలంటే ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు, శంకరనారాయణన్ పాత్రల కొట్టు ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు అని మా బస్టాండు దగ్గర అనుకునేవారు. ఆ శంకరనారాయణన్ని నేనే. వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారని చాలా ఏళ్ళు అనుకున్నాను. నా కొట్టు దాటేటప్పుడు జనం అడుగులు ఎందుకంత గబగబా పడతాయో ఎప్పుడూ ఆలోచించలేదు.

మాది ఎన్నో తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగు వ్యాపారుల ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తాత తెలుగులో లెక్కలు రాసేవాడు, మా నాన్న కూడబలుక్కుని చదివేవాడు, నా దాకా వచ్చేసరికి మాట మిగిలింది, అక్షరం పోయింది. అరవై ఆరేళ్ళు వచ్చేదాకా నా సొంత భాషలో నా పేరు చూపించినా గుర్తుపట్టలేకపోయేవాణ్ణి. మరి ఇదంతా ఎలా రాస్తున్నావంటారా, అక్కడికే వస్తున్నాను. తప్పులు మా కోడలు దిద్దింది. చాలానే దిద్దింది.

కాలుష్యానికి నా మొదటి సాక్ష్యం నా పళ్ళు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు, గోధుమరంగు చారలతో ఉంటాయి. బిందె కొనడానికి వచ్చినవాడికి ముందు పళ్ళు చూపించి, ఆ తర్వాతే బిందె చూపించేవాణ్ణి. నా మోకాళ్ళ నొప్పులు కూడా ఆ నీళ్ళ వల్లేనని నమ్మేవాణ్ణి, కొంచెం గర్వంగా కూడా చెప్పుకునేవాణ్ణి. నీళ్ళతో మొదలుపెట్టి గ్రానైట్ దుమ్ము, తగలబెట్టే ప్లాస్టిక్, సెల్‌ఫోన్ టవరు, పది రూపాయల పొట్లాల్లో ఎర్రగా మెరిసే చిప్స్ దాకా పోయేవాణ్ణి. కలెక్టరుకు పదకొండు అర్జీలు పెట్టాను. ప్రతి అర్జీలోనూ ఒక వాక్యం తప్పకుండా ఉండేది: "పెరిగే పిల్లల ఒళ్ళు పెద్దల ఒళ్ళులాంటిది కాదు, మనం తట్టుకునే విషాన్ని అది తట్టుకోలేదు." ఆ వాక్యం నిజమే. నేను అన్న మాటల్లో పూర్తిగా నిజమైనది బహుశా అదొక్కటే.

ఇప్పుడు చెంబు సంగతి.

మా ఇళ్ళలో చారు కాచడానికి ప్రత్యేకంగా ఒక చెంబు ఉంటుంది. తగరంతో చేస్తారు, ఇక్కడ అందరూ ఈయం చెంబు అంటారు. అందులో కాచిన చారుకు వచ్చే రుచి స్టీలు గిన్నెలో రాదు. పసిబిడ్డ నోట్లో పెట్టే మొదటి అన్నం ముద్ద కూడా ఆ చెంబు చారుతోనే కలుపుతాం. అయితే తగరం చాలా తొందరగా కరిగిపోతుంది. అందుకని చెంబులో ముందు చింతపండు నీళ్ళు పోయాలి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. ఖాళీ చెంబును మంట మీద పెడితే రెండు నిమిషాల్లో కరిగి కారిపోతుంది.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం మా ఆవిడ కమలవేణి ఖాళీ చెంబును పొయ్యి మీద పెట్టి ఫోనెత్తడానికి పోయింది. తిరిగొచ్చేసరికి మా అమ్మ కాలంనాటి చెంబు గ్యాసు పొయ్యి కింద వెండి మడుగులా ఉంది. నేను నెల రోజులు దాని గురించే మాట్లాడాను. అన్నం తింటున్నప్పుడు మాట్లాడాను, నిద్రపోయే ముందు మాట్లాడాను, చుట్టాలొస్తే వాళ్ళకు మడుగు పడ్డ చోటు చూపించి మరీ మాట్లాడాను. ఒక మనిషి అజాగ్రత్త ఇంటినెలా నాశనం చేస్తుందో ఉపన్యాసాలిచ్చాను. ఆ మాటలన్నీ తర్వాత వరసగా నన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

గట్టిపడిన ముద్దను గీకి తీశాం. సగం పొయ్యి సందుల్లోకి పోయింది. మిగిలినదానితో పిల్లలాడుకునే చెంబు తప్ప ఇంకేమీ రాదు. అప్పుడు నాకు కొట్లోని పెట్టె గుర్తొచ్చింది.

అది మా తాతది. నేను కూర్చునే బల్ల కింద ఉండే చిన్న చెక్కపెట్టె. మూత మీద కాల్చి రాసిన తెలుగు అక్షరాలు ఉన్నాయి. నాకు చదవడం రాదు కాబట్టి అది దేవుడి పేరని నిశ్చయించుకున్నాను. ఏటా ఆయుధపూజ రోజున ఆ అక్షరాలకు గంధం రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి దణ్ణం పెట్టేవాణ్ణి. లోపల బొటనవేలంత బూడిదరంగు ముద్దలు ఉండేవి, మెత్తగా, చాలా బరువుగా. తాత కూడబెట్టిన తగరం అని అనుకున్నాను. ఎవరూ నాకు అలా చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను, నా మాట నేను కాదనే అలవాటు నాకు లేదు.

ఆ పెట్టె, కరిగిన ముద్ద తీసుకుని మొరప్పూర్ పోయాను. అక్కడ కళాయి వేసే రాజమాణిక్కం ఉన్నాడు. ఈయం చెంబులు పోయడంలో వాళ్ళ నాన్న మా నాన్నకు పనిచేసినవాడు, ఇతను నాకు. మావాళ్ళలాగే ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. అతను మా చెంబు ముద్దలోంచి ఒక చిన్న ముక్క తుంచి చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. తర్వాత పెట్టెలోని ముద్దను సుత్తితో పలచగా కొట్టి అలాగే వంచాడు.

"అన్నా, ఇది అరవలేదు" అన్నాడు.

"ఏమి అరవలేదు?"

"మంచి ఈయమైతే వంచినప్పుడు చెవికాడ కరకరమని అరుస్తుంది. మీ చెంబు ముద్ద అరిచింది. ఈ పెట్టెలోది గమ్మునే ఉంది."

"నీ చెవులు పోయినాయి రాజమాణిక్కం. ముప్పై ఏండ్లుగా సుత్తి దెబ్బలు విన్న చెవులు. ఇది మా తాత దాచిపెట్టింది. బరువు చూడు, ఎంతుందో!"

"బరువుందని మంచిదవుతుందా అన్నా? నాయనగారు ఉండింటే గోడకు రాసి చూసుందురు."

మా నాన్న పాత్రను గోడకు రాసి చూడడం నాకూ గుర్తుంది. అప్పుడు నాకు పదేళ్ళు, బయట గోలీలాడుకునే వాళ్ళ మీదే నా చూపంతా. రాసి చూడాలని గుర్తుంది, ఏం చూడాలో గుర్తులేదు. అయినా ఒక ముద్ద తీసుకుని రాజమాణిక్కం ఇంటి సున్నపు గోడకు రాశాను. పెన్సిలుతో గీసినట్టు నల్లగా, నున్నగా గీత పడింది.

"చూసినావా, ఎంత బాగా రాస్తుందో! ఇంక మాట్లాడొద్దు, పొయ్యి."

అతను గీత వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆ రోజుల్లో నాతో మాట్లాడేవాళ్ళలో చాలామంది ఏదో అనబోయి ఊరుకునేవారు. దాన్ని నేను మర్యాద అనుకునేవాణ్ణి.

కొత్త చెంబు పాతదానికి రెండింతలు బరువుంది. పాత్రల వ్యాపారికి బరువు కంటే మంచి మాట లేదు. మేం అమ్మేదే తూకం మీద, తేలిగ్గా ఉన్నది మోసం, బరువుగా ఉన్నది నమ్మకం. చెంబును చేతిలో ఎత్తి చూపించి, "ఇది వస్తువు!" అని వీధంతా వినబడేలా అన్నాను. పోసేటప్పుడు మిగిలిన లోహం వేలంత పొడవు కడ్డీలా గట్టిపడితే, దాన్ని కూడా జేబులో వేసుకున్నాను. బాగా రాస్తుంది కదా, పనికొస్తుందని.

దానికి పని దొరికింది. మా మనవరాలు హేమప్రియకు అప్పుడు నాలుగేళ్ళు. మా అబ్బాయి రవిచంద్రన్ హోసూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చిపోతాడు, పాప, వాళ్ళమ్మ శరణ్య మా దగ్గరే ఉంటారు. మూడు నెలలకొకసారి పాపను వంటింటి గుమ్మం పక్క గోడకు నిలబెట్టి, తల మీద పుస్తకం ఆనించి, ఆ కడ్డీతో గీత గీసేవాణ్ణి. తర్వాత కడ్డీని పాపకిచ్చేవాణ్ణి. ఆ పిల్ల దాంతో గోడ అడుగున ఏనుగులు గీసేది, ఒక్కోసారి ఆలోచిస్తూ చివర నోట్లో పెట్టుకునేది.

"తాతా, చెయ్యంతా నల్లగా అయిపాయె" అని ఒకసారి చెయ్యి చూపించింది.

"చదువుకునేవాళ్ళ చెయ్యి అట్లనే ఉంటుంది కణ్ణూ" అన్నాను.

హేమ సాంబారు ముట్టదు, పప్పు ముట్టదు. రెండు పూటలా చారన్నమే, ఆ పైన గ్లాసులో చారు పోసుకుని తాగేది. మా చెంబు రుచి కనిపెట్టిందని మురిసిపోయేవాణ్ణి.

ఐదేళ్ళు వచ్చాయి, ఆరేళ్ళు వచ్చాయి. గీతలు దగ్గరదగ్గరగా పడసాగాయి. బడిలో ప్రార్థనకు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు. ఒకటో తరగతిలో హేమ ఐదో స్థానంలో ఉండేది, రెండో తరగతికి అందరికంటే ముందు నిలబడింది. "మా పాపను ముందు నిలబెట్టినారు" అని కొట్లో నలుగురికీ చెప్పాను. ఎందుకు నిలబెట్టారని అడిగిన మొదటి మనిషికి చెప్పడానికి నాకు సమాధానం దొరకలేదు.

దొరకకపోవడమేమిటి, ఆ సాయంత్రానికి ఎనిమిది దొరికాయి. నీళ్ళు. వెంటనే నీళ్ళు శుద్ధిచేసే యంత్రం పెట్టించాను. పాలు. పాలవాణ్ణి మార్చాను. చిప్స్. పాప చేతిలో పొట్లం లాక్కున్నాను, ఏడ్చినా ఇవ్వలేదు. టవరు. పన్నెండో అర్జీ రాశాను, అందులో "నా మనవరాలే సాక్ష్యం" అని రాసి కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఇవన్నీ చేస్తూ ప్రతి పూటా ఆ పిల్ల గ్లాసులో చారు పోస్తూనే ఉన్నాను.

శరణ్య మాత్రం ఒకటే మాట అనేది.

"మామా, ఒకసారి డాక్టరమ్మకు చూపించి రక్తం పరీక్ష చేయిద్దాం. పాపకు కడుపునొప్పి అంటా ఉంది, మొహం పాలిపోయింది."

"రక్తంలో ఏముంటుంది? తప్పు నీళ్ళలో ఉంది. మా వంశంలో పదేండ్ల దాకా అందరమూ పొట్టే, ఆపైన పొడుగైపోతాం."

నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ఆ మాటంటున్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు, అది వాళ్ళ మంచితనం.

శరణ్యది కుప్పం. తెలుగు బడిలో పది దాకా చదువుకుంది. ఆమె మాట్లాడితే "ఆంధ్రా తెలుగు వచ్చిందిరా" అని ఆటపట్టించడం నాకు సరదా. ఆమెకు తెలుగు చదవడం వచ్చని నాకు తెలుసు. ఆ చదువుతో ధర్మపురిలో ఏం పని అని కూడా అన్నాను. రక్తం పరీక్ష మాట నేను వినకపోయేసరికి ఏడాది ఆగింది. ఒకరోజు హేమ బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది. శరణ్య నన్ను అడగలేదు, చెప్పలేదు, బడినుంచి నేరుగా పిల్లల డాక్టరు కణ్ణగి దగ్గరికి తీసుకుపోయింది. కబురు తెలిసి నేను ఆయాసపడుతూ వెళ్ళేసరికి పాప చేతికి దూది అంటించి ఉంది.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. డాక్టరమ్మ అరవంలో నిదానంగా చెప్పారు: "రక్తం బాగా తక్కువగా ఉంది. అనుమానం వచ్చి సీసం పరీక్ష కూడా చేయించాను. ముప్పై ఎనిమిది ఉంది. ఐదు దాటితేనే ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతాం. సీసం పిల్లల ఒంట్లో చేరితే రక్తం పట్టదు, ఎముక సరిగా పెరగదు, చదువు మీద ధ్యాస కూడా తగ్గుతుంది. పెద్దల ఒంటికంటే పిల్లల ఒళ్ళు దాన్ని చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది."

"అదే నేను పన్నెండు అర్జీల్లో రాసినాను!" అన్నాను. నా గొంతులో సంతోషం వినబడింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. నేను చెప్పింది రుజువైందన్న సంతోషం అది, మనవరాలి రక్తం కాగితం చేతిలో పట్టుకుని.

ఆమె అడుగుతూ పోయారు. ఇంటి పక్క బ్యాటరీలు కరిగించేవాళ్ళున్నారా? గోడలకు పాత రంగులు పెచ్చులూడుతున్నాయా? నాటుమందులు వాడారా? అన్నిటికీ నేనే జవాబు చెప్పాను. లేదు, లేదు, లేదు, అయినా ఆ టవరు ఉంది చూశారూ, అన్నాను. చివరికి ఆమె నా వైపునుంచి తిరిగి శరణ్యను అడిగారు: "పాప రోజూ ఏం తింటుంది? ఏ పాత్రలో వండుతారు?"

"రసం అన్నం. ఈయం చెంబులో" అంది శరణ్య.

డాక్టరమ్మ కలం కాగితం మీద ఆగింది. "అందులో సీసం కలిసి ఉంటే చింతపండు పులుసు దాన్ని కరిగించి చారులోకి దింపుతుంది. ఈ రోజునుంచే వాడడం ఆపండి. చెంబును పరీక్షకు పంపండి."

"మాది మూడు తరాల పాత్రల కొట్టు డాక్టరమ్మా" అన్నాను. ఆమె మందులు రాశారు, ఇనుముకు, కాల్షియంకు. మూడు నెలల తర్వాత మళ్ళీ రక్తం చూడాలన్నారు. ఆగిన ఎత్తంతా మళ్ళీ వస్తుందా అని శరణ్య అడిగింది. "కొంత రావచ్చు. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను" అన్నారు. శరణ్య తల వంచుకుంది. నేను మాత్రం అప్పటికే తప్పెవరిదో నిర్ణయించేశాను.

రాజమాణిక్కం. పోసింది వాడే, కలిపిందీ వాడే. ఆ మధ్యాహ్నమే చెంబు సంచిలో వేసుకుని మొరప్పూర్ బస్సెక్కాను. దారి పొడవునా తిట్లు సిద్ధం చేసుకున్నాను. అతని ఇంటి ముందు దిగేసరికి నా గొంతు వీధి మొత్తానికి సరిపోయేంత ఉంది.

"మా పాప ఒంట్లో విషం పోసినావు కదరా!" అన్నాను.

అతను అంతా విన్నాడు. చెంబు తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. మూడేళ్ళ కింద నేను గీసిన గీత ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన చెంబు అంచుతో ఇంకొకటి గీశాడు. రెండూ ఒకే నలుపు. తర్వాత ఇంట్లోనుంచి వాళ్ళమ్మ వాడిన పాత చెంబు తెచ్చి రాశాడు. కళ్ళు చిట్లించి వెతికితే తప్ప గోడ మీద ఏమీ కనబడలేదు.

"మంచి ఈయం గోడకు రాస్తే గీత పడదన్నా. గీత పడితే అది సీసం. మీ నాయనగారు రాసి చూసేది అందుకే. గీత పడిన చెంబును ఆయన ఈ వాకిట్లోనే మా నాయన మొహం మీదికి విసిరినారు, నేను చూసినాను." చెంబు నా చేతికిచ్చి అన్నాడు: "నేను రెండుసార్లు చెప్పినాను. మూడోసారి చెప్పింటే మీరు వినుందురో ఏమో. చెప్పకుండా పోసింది నా తప్పే."

బస్సులో సిద్ధం చేసుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి, అవి ఎవరికి చెందుతాయో నాకు అప్పుడు అర్థమైంది.

"ఆ పెట్టె ఎక్కడిదన్నా?" అని అడిగాడు. "మా తాతది. మూత మీద దేవుడి పేరుంది" అన్నాను. "మీరు చదివినారా?" అన్నాడు.

మర్నాడు పొద్దున శరణ్యను కొట్టుకు రమ్మన్నాను. పెళ్ళై వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమె కొట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆడవాళ్ళకు ఇక్కడేం పని అనేవాణ్ణి. బల్ల కిందనుంచి పెట్టె తీసి ఆమె ముందు పెట్టాను. మూత మీద ఏళ్ళ తరబడి పేరుకున్న గంధం, కుంకుమ పెచ్చులా గట్టిపడి ఉంది. ఆమె గుడ్డ తడిపి ఓపిగ్గా తుడిచింది. ఒక్కో అక్షరం బయటికొచ్చింది. ఆమె వేలు వాటి కింద నడిచింది, ఆగింది.

"ఏ దేవుడమ్మా?" అన్నాను.

"దేవుడు కాదు మామా." మళ్ళీ వేలు పెట్టి చదివింది. "సీసం. తూకం రాళ్ళకు. వంట పాత్రలలో కలపరాదు."

పాతకాలపు ఇనుప తూకం రాళ్ళకు అడుగున గుంట ఉండేది, అందులో సీసం పోసి బరువు సరిచేసేవారు. రాళ్ళు పాతబడి పాత ఇనుముకు పోయినప్పుడు మా తాత ఆ సీసం ఊడదీసి దాచాడన్నమాట. దాచి, తర్వాత వచ్చేవాడు పొరబడకుండా పెద్ద అక్షరాలతో కాల్చి రాశాడు. ఆ తర్వాత వచ్చినవాడు ఏటా ఆ హెచ్చరికకు హారతి ఇచ్చి దణ్ణం పెట్టాడు.

నేను బల్ల మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. శరణ్య ఓదార్చలేదు, నిష్ఠూరమాడలేదు. పెట్టె మూత మూసి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది.

"ఈ మాట ఇంట్లో మీరు చెప్తారా, నేను చెప్పాలా?" అంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ నాకు రకరకాల కథలు తోచాయి. రాజమాణిక్కం చెవులు పోయాయనవచ్చు. తాత చాదస్తమనవచ్చు. పొయ్యి మీద ఖాళీ చెంబు పెట్టిందెవరు అని మొదలుపెడితే కమలవేణి మీదికి కూడా తోసేయవచ్చు. నా నోటికి అలవాటైన దారులన్నీ తెరిచే ఉన్నాయి. వాకిట్లో హేమ కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. రెండేళ్ళ కింద కొన్న చెప్పులు, ఇంకా సరిపోతున్నాయి. ఆ చెప్పులు చూశాక ఏ కథా నోటికి రాలేదు.

"చెంబులో సీసం కలిపింది నేనే" అన్నాను కమలవేణితో. "రాజమాణిక్కం వద్దన్నాడు, నేను వినలేదు. శరణ్య పరీక్ష చేయిద్దామని అంటే ఏడాది ఆపింది కూడా నేనే."

ఫోనులో రవిచంద్రన్‌కు కూడా అవే మాటలు చెప్పాను. అంతా విని వాడు "శరణ్యకు ఫోనియ్యి నాయనా" అన్నాడు. చెంబు కరిగిపోయినందుకు నేను నెల రోజులు మాట్లాడాను. దీనికి కమలవేణి నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా పెట్టిన అన్నం నెల రోజులూ తిన్నాను.

పరీక్షలో చెంబులో సగం కంటే ఎక్కువ సీసమే అని తేలింది. మా అందరి రక్తంలోనూ ఉంది, పెద్దవాళ్ళలో నాదే ఎక్కువ. నేను అంత గొప్పగా చెప్పుకున్న మోకాళ్ళ నొప్పుల్లో ఫ్లోరైడ్ వాటా ఎంతో, నా వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. పదమూడో అర్జీ రాయలేదు.

గోడ మీద గీతలు పన్నెండు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు వాటి మీద చెయ్యి పెట్టి చూశాను. మొదటి గీతనుంచి చివరి గీత దాకా నా అరచేతి వెడల్పు. పాప మూడేళ్ళ ఎదుగుదల నా చెయ్యి కింద పూర్తిగా మరుగైపోయింది. ఏ లోహం పాపను ఎదగకుండా ఆపిందో ఆ లోహంతోనే ఎంత ఎదగలేదో నేను తేదీలు వేసి రాసుకున్నాను. ప్రతిసారీ గీత నల్లగా పడినందుకు సంతోషించాను కూడా. సున్నం బకెట్టు తెచ్చి ఆ గీతల మీద పూసేయబోతే శరణ్య అడ్డం వచ్చింది.

"అడుగున పాప గీసిన ఏనుగులు నేను తడిగుడ్డతో తుడిచేసినాను. ఈ గీతలు ఉండనీండి మామా. చూస్తా ఉండండి" అని, పాప చెయ్యి తగలకుండా వాటి మీద దళసరి ప్లాస్టిక్ కాగితం అతికించింది. చూస్తూనే ఉన్నాను.

ఆ నెలలోనే శరణ్య హేమకు తెలుగు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నేను కూడా పలక తీసుకుని పక్కన కూర్చున్నాను. హేమ నాకంటే చురుగ్గా నేర్చుకుంది, నా గుడి దీర్ఘాలు చూసి పడీపడీ నవ్వింది. డాక్టరమ్మ చదువు మీద ధ్యాస అన్నారే, ఆ నవ్వు విన్న ప్రతిసారీ నాకు కొంచెం ఊపిరి ఆడేది. నా సొంత భాషలో ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి మాట సీసం. పెట్టె మూత మీద చదివాను.

మూడు నెలలకు మళ్ళీ రక్తం చూశారు. ఇరవై మూడుకు దిగింది. ఇంకా దిగాలి అన్నారు డాక్టరమ్మ. ఇంటికి రాగానే హేమ తనంతట తానే గోడకు ఆనుకుని నిలబడింది.

"తాతా, గీయి."

పెన్సిలు తీశాను. చెక్క పెన్సిలు, ఇది సీసం కడ్డీ కాదు, పెన్సిలేనని కమలవేణి సామాను కట్టిన కాగితం మీద మూడుసార్లు రాసి చూపించి మరీ ఇచ్చింది. పుస్తకం పాప తల మీద పెట్టాను. పుస్తకం అంచు పాత గీతకు పైన ఉంది, కానీ చాలా కొంచెం. నా చెయ్యి ఆగలేదు. పుస్తకాన్ని ఇంకో రెండు వేళ్ళ మందం పైకి లేపింది. ఎవరికీ తెలియదు, పాప ముఖం వెలుగుతుంది, శరణ్య ఈ పూట కడుపునిండా తింటుంది అనుకున్నాను.

"తాతా" అంది హేమ కదలకుండా. "పుస్తకం నా తలకు తగల్లే."

"తగిలింది కణ్ణూ."

"తగల్లే. నాకు తెలీదా నా తల? నేను ఎంతున్నానో అంతే గీయి."

వంటింటి గుమ్మంలో శరణ్య, కమలవేణి నిలబడి చూస్తున్నారు. ఇద్దరూ ఏమీ అనలేదు, ఈసారి వాళ్ళు ఊరుకున్నది మర్యాద కాదని నాకు తెలుసు. పుస్తకం దించాను. మెత్తటి జుట్టు నొక్కుకుని, దాని కింద గట్టిగా తల తగిలింది. ఎంత ఉందో అంతే గీశాను. పాత గీతకు కాస్త పైన పడింది. హేమ వెనక్కి తిరిగి ఆ ఎడం మీద తన చిటికెన వేలు అడ్డంగా పెట్టి చూసుకుని, "నిజంగానే పెరిగినాను" అంది. నేను గీత పక్కన తెలుగులో పాప పేరు, తేదీ రాశాను. శరణ్య వచ్చి ఒక గుడి దిద్దింది.